యలహంక ఆకాశంలో ఎర్ర నెమళ్ళు: సారంగ్ హెలికాప్టర్ ప్రదర్శనపై ఒక సమీక్ష

బెంగళూరు శివార్లలోని యలహంక వైమానిక స్థావరంలో రెండేళ్ళకొకసారి జరిగే ఏరో ఇండియా వైమానిక ప్రదర్శనకు వెళ్ళే సామాన్య ప్రేక్షకుల్లో ఎక్కువమంది యుద్ధ విమానాల కోసమే వెళ్తారు. 2023 ఫిబ్రవరిలో నేను వెళ్ళిందీ అందుకే. తేజస్, రఫేల్ వంటి విమానాలు చెవులు చిల్లులు పడేలా దూసుకుపోతుంటే చూడాలన్న కోరిక చాలాకాలంగా ఉండేది, అది తీరింది కూడా. అయితే వెయ్యి రూపాయలు పెట్టి కొన్న టికెట్టుకు పూర్తి విలువ దక్కించింది ఏదని ఎవరైనా అడిగితే, భారత వైమానిక దళానికి చెందిన సారంగ్ హెలికాప్టర్ బృందం పేరే తడుముకోకుండా చెబుతాను. ఇంటికి వచ్చాక కూడా కళ్ళలో మెదిలింది ఆ ఎర్రటి హెలికాప్టర్లే కాబట్టి, వాటి గురించి వివరంగా రాయాలనిపించింది.

తెలుగువారికి సారంగం అనగానే ముందు లేడి గుర్తుకొస్తుంది, సంగీతం తెలిసినవారికి రాగం గుర్తుకొస్తుంది. సంస్కృతంలో ఆ మాటకు ఉన్న అనేక అర్థాల్లో నెమలి ఒకటి, ఈ బృందం తీసుకున్నది ఆ అర్థాన్నే. ఎర్ర రంగు వేసిన హెలికాప్టర్ల పక్క భాగాన నెమలి బొమ్మ కనిపిస్తుంది. 2003 అక్టోబరులో బెంగళూరులో ఏర్పడిన ఈ బృందం 2004 ఫిబ్రవరిలో సింగపూర్‌లో జరిగిన ఏషియన్ ఏరోస్పేస్ ప్రదర్శనలో తొలిసారి ప్రజల ముందు ఎగిరింది. ఇప్పుడు దాని స్థావరం కోయంబత్తూరు దగ్గరి సూలూరు. వీరు నడిపేది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ తయారుచేసిన ధ్రువ్. రంగు తుడిచేస్తే అది సైనికులను, సామాన్లను మోసే మామూలు హెలికాప్టరే గాని విన్యాసాల కోసం ప్రత్యేకంగా తయారైన యంత్రం కాదు. ఆ సంగతి గుర్తుంచుకుని చూస్తే ప్రదర్శన విలువ మరింత తెలుస్తుంది.

నేను, మా అక్క కొడుకు హిందూపురం నుంచి బయలుదేరి ప్రజల సందర్శనకు కేటాయించిన చివరి రెండు రోజులూ, అంటే 16, 17 తేదీల్లో వెళ్ళాం. మేం తీసుకున్నది విమాన ప్రదర్శనను చూడడానికి మాత్రమే అనుమతించే టికెట్టు కాబట్టి, లోపలి స్టాళ్ళ సంగతి నేను చెప్పలేను. ఎండ తప్పించుకునే వీలు పెద్దగా లేని మైదానం, ఇనుప కంచె, కంచెకు అవతల దూరంగా రన్‌వే. మొదటి రోజు మేం కంచె దగ్గర చోటు దొరక్క వెనుక నిలబడ్డాం, రెండో రోజు పెందలాడే చేరుకుని ముందు వరుసలో నిలబడగలిగాం. ఈ తేడా గురించి చివర్లో చెబుతాను.

సారంగ్ వంతు ఒక యుద్ధ విమానం ఎగిరి వెళ్ళిన తరువాత వచ్చింది. అప్పటిదాకా జనం తల తిప్పేలోపే విమానం దాటిపోవడానికి, చప్పుడు వినబడిన దిక్కున చూస్తే అక్కడ ఏమీ లేకపోవడానికి అలవాటు పడి ఉన్నారు. హెలికాప్టర్లు వస్తున్నప్పుడు మొదట వినబడింది వాటి రెక్కల చప్పుడు, గుండెల మీద ఎవరో అరచేత్తో తడుతున్నట్టుగా. ఆ తరువాత పొగమంచులోంచి ఎర్రటి చుక్కలు కనబడి, చుక్కలు మెల్లగా రూపు కట్టాయి. నా పక్కనున్న ఒక పెద్దాయన ఫోను కెమెరా తెరిచి, అది సిద్ధమయ్యేదాకా చూసి, తీరిగ్గా ఫొటో తీసుకున్నారు. విమానాల విషయంలో ఆయనకు అప్పటిదాకా ఆ అవకాశం ఒక్కసారి కూడా దక్కలేదు. ఈ నెమ్మదే సారంగ్ ప్రదర్శనకు ఆయువుపట్టు అని నాకు అప్పుడే అనిపించింది.

నెమ్మది అంటే బలహీనత అనుకునేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. గంటకు 200 కి.మీ. వేగంతో పోతున్న హెలికాప్టర్ 60 డిగ్రీలు పక్కకు ఒరిగి ఎత్తు తగ్గకుండా చుట్టు తిరిగితే, ఆ చుట్టు వ్యాసార్ధం సుమారు 180 మీటర్లు ఉంటుంది. గంటకు 700 కి.మీ. వేగంతో పోతున్న జెట్ విమానం అంతే ఒరిగి తిరిగితే వ్యాసార్ధం 2 కిలోమీటర్లు దాటుతుంది. వేగం మూడున్నర రెట్లయితే చుట్టు దాదాపు పన్నెండు రెట్లు పెరుగుతుందన్నమాట. అందువల్ల జెట్ ఒకసారి మన ముందునుంచి వెళ్ళిందంటే తిరిగి వచ్చేదాకా ఖాళీ ఆకాశం చూస్తూ కూర్చోవాలి. సారంగ్ హెలికాప్టర్లు మాత్రం మలుపు తిరగడం, విడిపోవడం, మళ్ళీ కలవడం, అన్నీ మన కళ్ళెదుటే చేస్తాయి. ఒక విన్యాసానికీ మరో విన్యాసానికీ మధ్య జరిగే సర్దుబాటు కూడా ప్రదర్శనలో భాగంగానే కనబడుతుంది, నన్ను అడిగితే అసలు విన్యాసం కంటే ఆ సర్దుబాటే ఎక్కువ అందంగా ఉంది.

సారంగ్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆకారం వజ్రాకృతి: ముందు ఒకటి, ఇరుపక్కలా రెండు, వెనుక ఒకటి. చూడడానికి తేలిగ్గా కనిపించే ఈ ఆకారాన్ని నిలబెట్టడం హెలికాప్టర్లకు విమానాల కంటే మరో రకమైన కష్టం. ధ్రువ్ తలమీద తిరిగే నాలుగు రెక్కల చక్రం వ్యాసం 13.2 మీటర్లు. విమానం రెక్క కదలకుండా ఉంటుంది కనుక పక్క విమానం దానికి దగ్గరగా జరగవచ్చు, ఇక్కడ పక్కవాడికి ఎదురుగా ఉన్నది గిర్రున తిరిగే రెక్క. పైగా ఐదు టన్నుల బరువును గాలిలో నిలబెట్టాలంటే అందుకు తగినంత గాలిని కిందికి తోయాలి, హెలికాప్టర్ ముందుకు పోతున్నప్పుడు ఆ గాలి కిందికీ వెనక్కీ పారుతుంది. వెనుకవాడు ఆ ప్రవాహంలో చిక్కుకుంటే హెలికాప్టర్ ఊగిపోతుంది, ఎత్తు కోల్పోతుంది. రెండో రోజు బైనాక్యులర్‌తో చూసినప్పుడు, వెనుక హెలికాప్టర్ ముందుదానికి సరిగ్గా వెనుక కాకుండా కొంచెం పైగా ఉండడం, దాని తోక క్షణక్షణం అతి కొద్దిగా అటూ ఇటూ సర్దుకుంటూ ఉండడం గమనించాను. కింద నుంచి మామూలు కంటికి నలుగురినీ దారం కట్టి లాగుతున్నట్టే ఉంటుంది. దుర్భిణిలో మాత్రం ఆ దారాన్ని పైలట్ ప్రతి క్షణం కొత్తగా కడుతున్నాడని తెలుస్తుంది.

ప్రదర్శనలో నాకు అన్నిటికంటే నచ్చింది డాల్ఫిన్ లీప్ అని పిలిచే విన్యాసం. హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో వేగంగా వచ్చి, ముక్కు పైకెత్తి లేచి, పైన ఒక్క క్షణం తేలి, నీటిలోకి దూకే చేపలాగా ముక్కు కిందికి వంచి దిగుతాయి. జనం దీనికి కొట్టిన చప్పట్లు కొంచెమే. నిజానికి ఇందులో దాగివున్న సాంకేతిక విషయం చాలా గొప్పది. రెండు రెక్కలుండి, ఆ రెక్కలు బల్ల ఊయలలాగా ఒకే కీలు మీద ఊగే రకం హెలికాప్టర్లలో పైనుంచి ముక్కును గట్టిగా కిందికి తోయకూడదు. అలా చేసినప్పుడు బరువు తేలిపోయినట్టయి, రెక్కల పట్టు యంత్రం శరీరం మీద సడలుతుంది, రెక్కల మొదలు వెళ్ళి ఇరుసును కొట్టే ప్రమాదం ఉంటుంది. ధ్రువ్ రెక్కలకు ఆ కీళ్ళు లేవు. పీచు కలిపిన మిశ్రమ పదార్థంతో చేసిన రెక్క తానే కావలసినంత వంగుతుంది, పైలట్ చెయ్యి కదిపిన వెంటనే హెలికాప్టర్ శరీరమంతా ఆ చేతిని అనుసరిస్తుంది. శిఖరం మీద తేలిన ఆ ఒక్క క్షణంలో, ముక్కు నిదానంగా, ఎక్కడా తడబాటు లేకుండా కిందికి వాలడం చూస్తే ఈ సంగతి పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరిన ఒక నమూనా ముప్పై ఏళ్ళ తరువాత ఇలా గాలిలో ఈత కొడుతుంటే, అది మన దేశంలో తయారైనదన్న గర్వం నాకు కలిగింది, ఆ గర్వాన్ని దాచుకోవలసిన పని లేదు.

యలహంక సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది, ఎండ ముదిరితే ఇంకా పలచబడుతుంది, పలచని గాలిలో రెక్కలకూ ఇంజన్లకూ బలం తగ్గుతుంది. సముద్ర తీరంలో చేసే విన్యాసాన్నే ఇక్కడ మధ్యాహ్నం చేయాలంటే పైలట్ చేతిలో మిగులు శక్తి తక్కువగా ఉంటుంది.

తరువాత వచ్చేవి ఎదురెదురుగా వచ్చి దాటుకునే విన్యాసాలు. ఇక్కడ మాత్రం జనమంతా ఊపిరి బిగబట్టారు. ఒక్కొక్కటీ గంటకు 200 కి.మీ. చొప్పున ఎదురెదురుగా వస్తే, వాటి మధ్య దూరం సెకనుకు 110 మీటర్లకు పైగా తరిగిపోతుంది. మా అక్క కొడుకు నా చొక్కా అంచు పట్టుకుని, "మామా, ఈ రెండూ గుద్దుకుంటాయా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అవి ఒకదాన్నొకటి దాటిపోయి, వాటి వెనుక తెల్లటి పొగ గీతలు కత్తెరలాగా మిగిలాయి. పక్క నుంచి చూసేవారికి అవి ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయిగాని, వాటి మధ్య చూపరికి తెలియని పక్కదూరం ఉంటుంది. ఆ దూరం తెలియకుండా చేయడమే ఈ విన్యాసంలోని కళ. చిన్నవాడికి ఆ సంగతి అప్పుడే చెప్పలేదు, చెబితే మరుసటి రోజు అదే కళ్ళతో చూడలేడని భయపడ్డాను. ఇంటికి వెళ్ళేటప్పుడు చెప్పాను.

పొగతో ఆకాశంలో హృదయాకారం గీసే విన్యాసం గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ప్రదర్శన మొత్తంలో కొంచెం తక్కువగా అనిపించింది అదే. వేడి పొగగొట్టంలోకి నూనెను చిమ్మితే అది ఆవిరై తెల్లటి పొగగా మారుతుంది. విమానం విడిచిన పొగ సన్నని గీతగా చాలాసేపు నిలబడుతుందిగాని, హెలికాప్టర్ పొగను దాని రెక్కల గాలే చిలికేస్తుంది. గీత లావెక్కుతుంది, అంచులు చెదురుతాయి. పైగా ఇలాంటి ఆకారాలను మైదానం మధ్యలో కూర్చున్నవారికి సూటిగా కనిపించేలా గీస్తారు, మొదటి రోజు మేం ఒక పక్కకు ఉండడంతో మాకు హృదయం ఒక వైపు నొక్కినట్టుగా కనిపించింది. అయినా, గీత గీస్తున్న ఆ రెండు హెలికాప్టర్లు పైనుంచి విడిపోయి, ఒకే ఒంపు తిరిగి, కింద ఒకే క్షణంలో కలుసుకోవడం మాత్రం ఆకారం ఎలా వచ్చినా చూడదగినదే. బొమ్మను వదిలేసి కుంచెలను చూడమని నా సలహా.

వైమానిక దళానికే చెందిన సూర్యకిరణ్ జెట్ బృందంతో దీన్ని పోల్చడం సహజం. తొమ్మిది హాక్ జెట్ విమానాలు ఒకే రెక్కగా తిరిగే దృశ్యానికి ఉండే హుందాతనం వేరు, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని సూర్యకిరణ్‌ను చూస్తున్నప్పుడు మనం ఒక గొప్ప ఆకారాన్ని చూస్తాం, సారంగ్‌ను చూస్తున్నప్పుడు మనుషుల చేతిపనిని చూస్తాం. 2021 ఏరో ఇండియాలో ఈ రెండు బృందాలూ తొలిసారి కలిసి ప్రదర్శన ఇచ్చాయి, దాన్ని నేను నేరుగా చూడలేకపోయానన్న లోటు ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో సైనిక జెట్ బృందాలు చాలా ఉన్నాయి, హెలికాప్టర్లతో జట్టుగా విన్యాసాలు చేసే బృందాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. స్పెయిన్ ఆస్పా, రష్యా బెర్కుతీ వంటి ఆ కొద్దిపాటి వాటిలో మనది ఒకటి కావడం, 2008లో బెర్లిన్‌లోనూ 2021లో మాస్కో దగ్గరి ఝుకోవ్‌స్కీలోనూ ఎగరడం చిన్న విషయం కాదు.

ఇది కేవలం ఉత్సవాల కోసం పోషించే బృందమేనా అని కొందరు అడుగుతుంటారు. 2013లో ఉత్తరాఖండ్ వరదల్లో, 2017లో ఓఖీ తుపాను సమయంలో, 2018లో కేరళ వరదల్లో ఈ బృందం సహాయ చర్యల్లో పాల్గొంది. మేడమీద చిక్కుకున్న మనిషిని తాడుతో పైకి లాగాలంటే హెలికాప్టర్ గాలిలో చెట్టుకు కట్టేసినట్టు నిలబడాలి. యలహంకలో ప్రేక్షకుల ఎదుట చూపించే ఆ చేతి నిలకడే అక్కడ ప్రాణాలు కాపాడుతుంది. ఈ నైపుణ్యానికి మూల్యం కూడా ఉంది. 2007 ఫిబ్రవరి 2న ఇదే యలహంకలో, ఏరో ఇండియాకు ముందు జరిగిన అభ్యాసంలో సారంగ్ హెలికాప్టర్ ఒకటి కూలి ఒక పైలట్ ప్రాణాలు కోల్పోయారు, మరొకరు తీవ్రంగా గాయపడ్డారు. ఆ తరువాత కూడా ఈ బృందం ఎగరడం మానలేదు. కంచె దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తుంది, చప్పట్లు ఇంకొంచెం గట్టిగానే కొట్టాను.

ఇక లోపాల గురించి. మైకులో వినిపించిన వ్యాఖ్యానం వాక్యాల మీద వాక్యాలుగా సాగిందేగాని, ఏ విన్యాసం ఎందుకు కష్టమో చెప్పిన మాటలు తక్కువ. అవీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రావడంతో చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలతో వచ్చినవారికి చేరలేదు. డాల్ఫిన్ లీప్‌కు ముందు రెక్కల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఉంటే చప్పట్లు రెండింతలు మోగేవని నా నమ్మకం. ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది పార్కింగ్ నుంచి మైదానానికి తిప్పిన బస్సులు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మేం గంటన్నర పాటు ఎండలో వరుసలో నిలబడ్డాం, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవారు ఒక్కరూ లేరు, చంటిపిల్లలతో ఉన్న తల్లులకు నీడ కూడా చూపలేదు. ఆ పని ఒప్పుకున్నవారు రెండో రోజైనా సర్దుకుంటారనుకున్నాం, సర్దుకోలేదు. అటువంటి ప్రదర్శన చూసి వచ్చిన మనసుతో ఆ వరుసలో నిలబడడం బాధ కలిగించింది.

యలహంక చుట్టూ గద్దలు ఎక్కువ. విమానాలకు పక్షుల బెడద తగ్గించడానికి 2023లో స్థావరం చుట్టూ 10 కి.మీ. పరిధిలో మాంసం దుకాణాలను కొన్ని వారాలపాటు మూయించారు. దుకాణదారులకు అది ఎంత కష్టమో తెలుసుగాని, వజ్రాకృతికి కాస్త పైగా ఒక గద్ద రెక్కలు చాపి నింపాదిగా తిరగడం చూశాక ఆ ఆదేశం అవసరం నాకు బోధపడింది.

2025 ఫిబ్రవరిలో జరిగిన ఏరో ఇండియాలో సారంగ్ ఎగరలేదు. ఆ ఏడాది జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్‌కు చెందిన ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోవడంతో, దేశంలోని ఆ రకం హెలికాప్టర్లన్నిటినీ నేల మీద నిలిపి తనిఖీ చేశారు. రెక్కల కోణాన్ని మార్చే స్వాష్‌ప్లేట్ అనే పళ్ళెం లాంటి భాగం విరిగిందని విచారణలో తేలింది. పైలట్ చేతి కదలికను తిరిగే రెక్కలకు అందించేది ఆ పళ్ళెమే, అది లేకపోతే పైన చెప్పిన విన్యాసాల్లో ఒక్కటీ లేదు. ప్రదర్శన జరగకపోవడం ప్రేక్షకుడిగా నన్ను నిరాశపరిచినా, అనుమానం ఉన్నప్పుడు ఎగరకపోవడమే సరైన పని. ఆ భాగం విషయంలో జవాబు పూర్తిగా తేలాకే ఆ ఎర్ర హెలికాప్టర్లు మళ్ళీ ప్రజల ముందుకు రావాలని అప్పుడు కోరుకున్నాను. ధ్రువ్ మీద నాకున్న ఇష్టం ఈ ప్రశ్నను అడగడానికి అడ్డు రాకూడదు.

మళ్ళీ వచ్చినప్పుడు చూడాలనుకునేవారు వీలైతే రెండు రోజులకు టికెట్లు కొనుక్కోండి. ఉదయం గేట్లు తెరిచేసరికి అక్కడుండి, మైదానం మధ్యకు వీలైనంత దగ్గరగా కంచె పక్కన చోటు పట్టుకోండి. అప్పుడే ఆకారాలు వంకర పోకుండా కనిపిస్తాయి, దాటుకునే హెలికాప్టర్లు మీకు సూటిగా ఎదుట దాటుకుంటాయి. టోపీ, నీళ్ళు మరిచిపోవద్దు. మొదటి రోజు బైనాక్యులర్ సంచిలోనే ఉంచండి, దానిలోంచి చూస్తే ఒక్క హెలికాప్టరే కనబడుతుందిగాని నాలుగింటి మధ్య జరిగేది కనబడదు. రెండో రోజు దాన్ని బయటికి తీసి, వజ్రాకృతిలో అన్నిటికంటే వెనుక ఉన్న హెలికాప్టర్ మీద పెట్టి, ప్రదర్శన ముగిసేదాకా దాన్ని వదలకుండా చూడండి.